తెలుగువాళ్లు లేని మీటింగ్

ఫోనులో నేనడిగిన మొదటి ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఒళ్లుమంటా రెండూ ఒకేసారి వస్తాయి. "తెలుగువాళ్లు రాని మీటింగ్ ఏదైనా ఉందా?" అని అడిగాను, హిందీలో. తాగుడు మానాలనుకునేవాళ్లు వారానికోసారి ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారని, వెళ్లి చూడమని మా ఆఫీసు డాక్టరు చీటీ మీద నంబరు రాసిచ్చి రెండు నెలలైంది. అన్నాళ్లూ ఆ చీటీ నా పర్సులో నలుగుతూ ఉంది. ఆ శనివారం పొద్దున వసంత్ విహార్ దాకా నడిచి, నన్నెవరూ ఎరగని ఎస్టీడీ బూత్‌లో దూరి, తలుపేసుకుని ఆ నంబరు నొక్కాను. అవతలి పెద్దాయన, "భాయీసాబ్, హమ్ కిసీసే నహీ పూఛ్‌తే కహాఁ కే హో. అభీ పీ రఖీ హై క్యా?" అన్నాడు. ఎవరిదే ఊరో మేం అడగం, నువ్విప్పుడు తాగి ఉన్నావా, అది చెప్పు, అని. లేదన్నాను. ఆరు రోజులైందన్నాను. అయితే ఇవాళే రమ్మన్నాడు.

మా ఇంటికి దగ్గర్లోనే, బేర్ సరాయ్ వైపు ఒక మీటింగ్ ఉందన్నాడు. వద్దన్నాను. అది 2006 వేసవి. మేం మునిర్కాలో మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం, నేను గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. మునిర్కాలో, బేర్ సరాయ్‌లో ఏ సందులోకి తిరిగినా ఒక తెలుగు గొంతు వినిపించేది. మనవాళ్లతో చిక్కేమిటంటే, ముఖం చూసి ఐదు నిమిషాలు కాకుండానే మీదే ఊరు, ఎవరి తాలూకు, మీ పెద్దనాన్న ఫలానా ఆయన కాదూ అంటారు. సాయంత్రానికల్లా సంగతి తెనాలిలో మా అమ్మ చెవిన పడుతుంది. ఇలా లెక్కలేసుకుని, చివరికి ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో సాయంత్రం ఐదింటికి జరిగే మీటింగ్ ఎంచుకున్నాను. అక్కడా సివిల్స్‌కి చదివే తెలుగు పిల్లలుంటారు గానీ, వాళ్లకి పుస్తకం తప్ప లోకం పట్టదని నా ధీమా.

ఆరు రోజులు ఎందుకు మానానో చెప్పాలంటే మార్చి నెలాఖరుకి వెళ్లాలి. ఆ ఆదివారం నా భార్యకి స్కూల్లో పరీక్షల డ్యూటీ పడింది. నాలుగేళ్ల మా పాపని చూసుకోమని నాకప్పగించి వెళ్లింది. పాప బొమ్మలు వేసుకుంటుంటే నేను రెండు పెగ్గులు మాత్రమే అనుకుని కూర్చున్నాను. రమ్ము కంటోన్మెంట్ అంకుల్ తెచ్చిచ్చింది. ఈ అంకుల్ శ్రీకాకుళం ఆయన, ఢిల్లీ కంటోన్మెంట్‌లో సుబేదార్. ఆర్మీ క్యాంటీన్‌లో తనకొచ్చే మందు కోటా ఆయన ముట్టడు. ప్రతినెలా మొదటి వారంలో స్కూటర్ మీద ఎయిర్ బ్యాగ్ పెట్టుకుని మా తెలుగిళ్లకి తిరిగి, తలా ఒక సీసా ఇచ్చి వెళ్లేవాడు. అలా ఇవ్వకూడదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. చుక్క ముట్టని మనిషి మనకోసం ఇంత శ్రమ పడుతున్నాడని అందరం ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లం. ఆ ఆదివారం రెండు పెగ్గులు ఎన్నయ్యాయో తెలియదు. మెలకువ వచ్చేసరికి ఇంటి యజమానురాలు అమ్మాజీ పాపని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పాప తలుపు తీసుకుని ఒక్కతే డాబా మీదికి పోయిందట. మా డాబా పిట్టగోడ నా మోకాలి ఎత్తు కూడా ఉండదు.

నా భార్య గొడవ పడలేదు. పడి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలని తేలిక పడేవాణ్ణి. ఆ రోజునుంచి పాపని నా దగ్గర ఒక్క నిమిషం కూడా వదల్లేదు, అంతే. స్నానానికి వెళ్తే బాత్‌రూమ్ గుమ్మంలో స్టూలేసి కూర్చోబెట్టేది. కూరలకి వెళ్తే వెంట తీసుకెళ్లేది. నేను ఇంట్లో మానేసి బయట తాగడం మొదలుపెట్టాను, అదేదో త్యాగమైనట్టు. మే నెలలో ఒక సాయంత్రం కిటికీలోంచి చూశాను. కింద సందులో ఆవిడ ఒక చేత్తో చెత్తబుట్ట పట్టుకుని నడుస్తోంది, భుజం మీద పాప నిద్రపోతోంది. నేను ఇంట్లోనే ఉన్నాను. చెత్త పారేసి వచ్చే రెండు నిమిషాలకి, నిద్రపోయే పిల్లని కూడా నన్ను నమ్మి వదల్లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాటినుంచి తాగలేదు.

సరే, ఆ శనివారం. సాఫ్ట్‌వేర్ విడుదల దగ్గర పడింది, పని ఉందని, ఆఫీసుకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయల్దేరాను. మీటింగ్‌కి వెళ్తున్నానని చెప్పొచ్చు కదా అంటే, చెప్పి మానలేకపోతే? ఇంట్లో నా మాటకి మిగిలిన ఆ కాస్త విలువ కూడా పోతుంది. బస్సులో వేడిగాలి మొహాన కొడుతోంది, పక్కవాడి మోచెయ్యి నా డొక్కలో ఉంది. రెండుసార్లు దిగిపోదామని లేచి మళ్లీ కూర్చున్నాను.

నాలుగున్నరకే చేరాను గానీ ఆ స్కూలు ఎంతకీ దొరకలేదు. ఫోనులో పెద్దాయన గుర్తులు చక్కగానే చెప్పాడు. నేనే అప్పుడు తలుపు బయట ఎవరున్నారోనని చూస్తూ సగమే విన్నాను. ఎవర్నైనా అడగొచ్చు. ప్రైమరీ స్కూలు ఎక్కడ అని అడగటంలో తప్పేమిటి? కానీ శనివారం సాయంత్రం మూసి ఉన్న స్కూలు కోసం వెతికే మగవాడెవడో, ఎందుకొచ్చాడో ఆ ఊరందరికీ తెలుసనిపించింది. జెరాక్స్ షాపు ముందు ఒకసారి, జ్యూస్ బండి ముందు ఒకసారి నోరు తెరిచి, మళ్లీ మూసుకుని నడిచాను. గోడలనిండా టాపర్ల ఫొటోలు, సందులనిండా పుస్తకాల సంచులతో పిల్లలు. కాలుగాలిన పిల్లిలా అవే నాలుగు వీధులు తిరిగాను. ఆ తిరుగుడులో, ఎవర్నీ అడగకుండానే, మందు షాపు ఎక్కడుందో మాత్రం పది నిమిషాల్లో తెలిసిపోయింది. దానికి ఎన్ని మెట్లున్నాయో కూడా చెప్పగలను. మూడు.

ఐదూ పదికి, ఒక గేటు సగం తెరిచి ఉండటం, లోపలికి ఒక సర్దార్జీ టీ కెటిల్ పట్టుకుని వెళ్లడం చూసి, ఆయన వెనకాలే దూరాను. ఒకటో తరగతి గది అది. చిన్నపిల్లల బల్లల మీద పదిమంది దాకా పెద్ద మగవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నారు. వెనక బల్ల మీద గోడవారగా నక్కాను. ఎవరూ నా పేరడగలేదు, ఒకాయన టీ గ్లాసు మాత్రం చేతికిచ్చాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

అక్కడి పద్ధతి ఏమిటంటే, ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, నేను తాగుబోతుని అని మొదలుపెడతారు. మిగతావాళ్లందరూ నమస్తే అంటారు. సర్దార్జీ తను ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసాల్లో వోడ్కా పోసి దాచుకునేవాణ్ణని, ఒకరోజు వాళ్ల అత్తగారు దాంతో బీపీ మాత్ర వేసుకుందని చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నా ఇల్లు అక్కడ కూలిపోతుంటే వీళ్ల నవ్వులేమిటి? తలుపు వైపు చూస్తున్నాను. ఈలోపు మొదటి బల్ల మీంచి ఇంకొకాయన లేచాడు. వీపు కనిపిస్తోంది, పొట్టి క్రాపు, ఇస్త్రీ చొక్కా. "మై శరాబీ హూఁ. గ్యారహ్ సాల్ హో గయే" అన్నాడు, నేను తాగుబోతుని, మానేసి పదకొండేళ్లయింది అని. హిందీ మాటలే, కానీ సాగదీసిన తీరు మాత్రం అచ్చంగా శ్రీకాకుళం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన వెనక్కి తిరిగాడు.

కంటోన్మెంట్ అంకుల్.

ఆయనా నన్ను గుర్తుపట్టాడు. నేను గ్లాసు బల్ల మీద పెట్టి, చిన్నపిల్లల బల్లకి మోకాలు కొట్టుకుని, గేటు దాటి రోడ్డు మీద పడ్డాను. వెనకే ఆయన బూట్ల చప్పుడు.

"ఆగు బాబూ. ఏటి, ఎల్లిపోతన్నావేటి?"

ఆగాను. ఆగింది మర్యాదకి కాదు, కోపానికి. "మీరా! మీ చేత్తో మీరే కదా ఇచ్చారు! నెలనెలా ఇంటికి తెచ్చి మరీ ఇచ్చారు కదా!" అని నడిరోడ్డు మీద తెలుగులో అరిచాను. జ్యూస్ బండి దగ్గర నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు చటుక్కున తిరిగారు. "ఏమైందన్నా? ఏమన్నా లొల్లా?" అన్నాడు ఒకడు. "ఏం లేదు, ఏం లేదు" అని ఇద్దరం ఒకేసారి అన్నాం, నవ్వులు కూడా పులుముకున్నాం. తెలుగువాళ్లెవరూ ఉండరని అంతదూరం వెళ్లినవాణ్ణి నేను. తర్వాత తెలిసింది, పదకొండేళ్ల కిందట ఆయన ఆ స్కూలు ఎంచుకున్నదీ అందుకేనట.

కుర్రాళ్లకి దూరంగా జరిగాక ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు ఇంతలాగ తాగుతన్నావని నాకు తెల్దు బాబూ."

"పదకొండేళ్లుగా తాగుబోతుల మాటలు వింటున్న మీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆయన నేల చూశాడు. "మనోళ్లు నోరు తెరిసి అడిగితే లేదనలేకపోనాను. లేదంటే ఎందుకు లేదో సెప్పాల. మానీసినానంటే, మరి ముందు తాగీవోడివా అంటారు. ఆళ్లకి తెలిస్తే ఊరికి తెలస్తాది. మొహమాటం, మరేటి సెయ్యను?"

మొహమాటం! ఆ మాటకి నాకు ఇంకా మండింది. అది నా రోగం కూడా కాబట్టి మరీ మండింది. దారి అడగలేక నలభై నిమిషాలు తిరిగినవాణ్ణి, నాకు వద్దండీ అని నెలనెలా ఆయనతో ఒక్క మాట అనలేనివాణ్ణి. "సరే, వెళ్లొస్తాను" అని నడక సాగించాను. ఎటువైపో నా కాళ్లకి తెలుసు. మూడు మెట్ల వైపు. ఆరు రోజులు ఆగి ఏం సాధించానని, అసలు ఈ లోకంలో నిజమైనవాడెవడని, తాగడానికి ఎన్ని కారణాలు కావాలో అన్నీ ఆ వంద గజాల్లో దొరికాయి.

ఆయన నన్ను ఆపలేదు. పక్కనే నడిచాడు. మలుపు దగ్గర ఆగి, "నా స్కూటరు ఆ షాపుకి అవతలుంది" అన్నాడు. "ఒక్కణ్ణీ ఆ ముందునించి ఎల్లడమంటే నాకు ఇప్పటికీ బయ్యమే. స్కూటరు దాకా నాతోటి రా బాబూ."

పెద్దాయన అడిగితే కాదనలేకపోయాను. నేను తాగబోతున్నాను, మీరు వేరే దారిన వెళ్లండి అని ఎలా చెప్పను? ఇద్దరం ఆ షాపు ముందునుంచి, రోడ్డుకి అటువైపు చూస్తూ, నడిచి దాటాం. స్కూటర్ దగ్గరికి చేరాక, దింపుతాను ఎక్కమన్నాడు. ఎక్కాను. జీవితంలో మొహమాటం నాకు చేసిన మేలు ఆ ఒక్కటే.

మా ఇంటి ముందు దిగాక అలవాటు కొద్దీ, "పైకి రండి, టీ తాగి వెళ్దురు గాని" అన్నాను. ఆ మాట అనకుండా తెలుగువాడు ఎవర్నీ గుమ్మంలోంచి పంపించడు. మరోసారి వస్తాలే అని అవతలివాడు అనాలి, అది లెక్క. ఆయన అనలేకపోయాడు. స్కూటర్ స్టాండేసి నా వెనకాల మెట్లెక్కాడు. రెండో అంతస్తు దగ్గర గానీ నేను చేసిన పని నాకు తట్టలేదు.

తలుపు తీసింది నా భార్య. నన్ను చూసింది, నా వెనక ఆయన్ని చూసింది. పాపని చేత్తో తన వెనక్కి లాక్కుంది. పాప ఆవిడ పక్కనుంచి తొంగిచూసి సంబరంగా, "ఆప్ బోతల్ వాలే అంకుల్ హో నా?" అంది. మా పాపకి తెలుగంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలోనే వచ్చేది. సీసా అంకుల్. మా ఇంట్లో ఆయన పేరు అదని మాకే తెలియదు.

"ఆఫీసు పని అయిందా?" అని నా భార్య నన్నడిగింది. "మీరు ఈ నెల తెచ్చేశారు కదా అంకుల్, మళ్లీ ఏం తెచ్చారు?" అని ఆయన్నడిగింది. గొంతు పెంచలేదు.

నేను మీటింగ్‌కి వెళ్లానని చెప్పొచ్చు. చెబితే, మరి ఈయనెక్కడ కలిశాడని అడుగుతుంది. అక్కడ చూసిన మనిషి సంగతి బయట చెప్పకూడదని రాసిన అట్ట ఆ తరగతి గది గోడకి కట్టి ఉంది. ఇరవై నిమిషాలు కూడా కూర్చోలేనివాణ్ణి ఆ నియమం మాత్రం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్లలో నా ఆరు రోజులు పోతున్నాయి. పాప ఇంక ఎప్పటికీ నా చేతికి రాదనిపించింది, భయమేసింది.

"నేనేటీ తేలేదమ్మా" అన్నాడు అంకుల్. గుమ్మం బయటే అటెన్షన్‌లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. "నాను తాగుబోతుని. పదకొండేళ్లయింది మానీసి. ఈరోజు మీటింగుకి ఎల్తే అక్కడ మీ ఆయన వొచ్చినాడు."

నన్ను మినహాయిస్తే, ఢిల్లీ తెలుగువాళ్లలో ఆ మాట విన్న మొదటి మనిషి నా భార్య. "పదకొండేళ్లు మానేసిన మనిషి, మా ఇంటికెందుకు తెచ్చారు?" అంది.

మొహమాటం అంటాడనుకున్నాను. అనలేదు. "కోటా సీసా నా బేగులో ఉన్నన్నాళ్లూ నాకు నిద్రుండదమ్మా. ఎవరికో ఒకరికి ఇచ్చీస్తే, ఈ నెలకి గెలిసినాననిపించీది. తీసుకున్నోడు ఏటైపోతన్నాడో సూణ్ణేదు. సూస్తే ఇవ్వలేను కదా. తప్పైపోనాది." ఆయన మెడ మీద చెమట కాలర్‌లోకి కారుతోంది. అంతవరకూ నాకున్న కోపం ఏమైందో తెలియదు. ఆయనకి బదులు నేను ఏడుస్తానేమోననిపించింది.

నా భార్య పక్కకి జరిగింది. "లోపలికొచ్చి కూర్చోండి" అంది. వంటింట్లోకి వెళ్లి వచ్చి, "పాలు లేవు, తెస్తాను" అని చెప్పులేసుకుని బయటికి నడిచింది. పాప నేల మీద బొమ్మ వేసుకుంటోంది. నాకు అర్థమయ్యేసరికి ఆవిడ మెట్ల మీద ఉంది. పాపని తీసుకెళ్లలేదు.

మేమిద్దరం దివాన్ అంచున కూర్చుని పాపని రెప్పవేయకుండా చూశాం. పెన్సిల్ నోట్లో పెట్టుకుంటే ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం. ఎంతసేపో తెలియదు, మూడు నాలుగు నిమిషాలేమో, ఆవిడ వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"పాలు దొరకలేదు" అంది.

మునిర్కాలో సాయంత్రం ఆరున్నరకి పాలు దొరక్కపోవడం! పైగా ఆవిడకి ఆయాసం కూడా లేదు. మే నెలలో మూడంతస్తులు ఎక్కొచ్చిన మనిషికి మాట అలా రాదు. కింది మలుపులో గోడకి ఆనుకుని, మా గదిలో చప్పుళ్లు వింటూ నిలబడి ఉంటుంది. నాకు కష్టంగా అనిపించింది గానీ తప్పనిపించలేదు. ఆవిడ చోట నేనుంటే ఆ మలుపు దాకా కూడా వెళ్లేవాణ్ణి కాదు.

"నేను తెస్తానుండు" అని లేచాను.

ఆవిడ పాప వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది, చాలా రోజుల తర్వాత మొహంలోకి. "మీరుండండి. నేనే వెళ్తాను" అంది.

ఈసారి చెప్పుల చప్పుడు రెండో అంతస్తు దాటింది. మొదటి అంతస్తు దాటింది. కింద ఇనుప గేటు తెరుచుకుని, మూసుకుంది.

పాప తలెత్తి, "మమ్మీ కహాఁ గయీ?" అంది.

"పాలకి వెళ్లిందమ్మా" అన్నాను. అంకుల్ కళ్లు తుడుచుకుని మళ్లీ పాపనే చూడసాగాడు. ఆవిడ తిరిగొచ్చేదాకా ఇద్దరం కూర్చున్న చోటునుంచి కదల్లేదు.